మూడో అంతస్తు మీద పొగ

1. సోమవారం, బట్టలు ఉతికాక

ముందు ఈ డబ్బా సంగతి చెప్పి తర్వాత నా సంగతి చెబుతాను. ఊళ్ళో ఎవరూ బొగ్గు కాల్చకుండా చూసే వేడి పంచాయతీ నుంచి వచ్చిన అధికారి పిల్ల దీన్ని మా దేవుడి గూట్లో, పటాల పక్కన పెట్టి వెళ్ళింది. కేసు తేలేదాకా ఇక్కడే ఉంటుందట. ఎప్పుడు చెప్పుకోవాలనిపిస్తే అప్పుడు దీంతో చెప్పుకోవచ్చట. పంచాయతీ పెద్దలను పిలిచి చెప్పినది అప్పుడే వాళ్ళకు చేరుతుందట, మిగతాది కేసు తేలాకే వింటారట. ఒకసారి చెప్పినదాన్ని మాత్రం చెరపడం కుదరదట.

నాకు చదువు రాదు. సంతకం పెట్టమంటే వేలిముద్ర వేస్తాను. నా మాటలను ఈ డబ్బా పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటుందట. ఎదుటివాళ్ళతో ఆడిన మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుందట. నా మాటలకు ఏం తక్కువైందో నాకు అర్థం కాలేదు. సరే, దిద్దుకోనీ. అర్థం మారిస్తే మాత్రం ఊరుకోను.

నా పేరు ఓదెమ్మ. మాది గోదావరిఖని. పెళ్ళైన కొత్తలో మా ఆయన వెంట ఈ పోలండ్ దేశానికి, ఈ స్తారావోదా ఊరికి వచ్చాను. అక్కడ గనులు మూతపడ్డాయి. ఇక్కడ మూతపడిన గనుల్లోకి దిగేవాళ్ళు కావలసి వచ్చారు. ఈ ఊరి కింద పాత బొగ్గు గనులు నీళ్ళతో నిండి ఉన్నాయి. పైన మంచు కురుస్తున్నా లోపలి నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి. ఆ నీళ్ళను తోడి, ఆ వెచ్చదనాన్ని యంత్రాలతో పెంచి, గొట్టాల్లో ఇంటింటి హీటర్లకూ పంపుతారు. చలికాలం ఊరు ఊరంతా బతికేది దాని మీదే. ఆ నీళ్ళు మా ఆయన తోడాడు. ఆయన పోయాక మా కొడుకు రాజేశం తోడుతున్నాడు.

అలాంటి ఇంటి మీద బొగ్గు కాల్చారని కేసు పెట్టారు.

ఊళ్ళో పొగ వాసన పట్టే స్తంభాలు ఉన్నాయి. బొగ్గు పొగ మా మూడో అంతస్తు నుంచి వచ్చిందని ఒక స్తంభం చెప్పిందట. మా అంతస్తులో ఉన్నవి రెండే గుమ్మాలు. ఒకటి మాది, ఎదురుగా ఉన్నది హలీనాది. అధికారి పిల్ల ముందు మా తలుపే తట్టింది. కింది వాళ్ళూ పై వాళ్ళూ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. అందరూ మా గుమ్మంలోంచి లోపలికి చూశారు. ఈ వయసులో నా ఇంట్లోకి జనం అలా తొంగి చూడడం నేను పడాల్సిన అవమానం కాదు.

చౌరస్తాలో యూరప్ పటం వేలాడుతూ ఉంటుంది. వేడి కోసం ఏ దేశం ఎంత బొగ్గు, ఎంత గ్యాసు కాల్చిందో దాన్ని బట్టి అక్కడ రంగు మారుతుంది. మేము వచ్చిన కొత్తలో ఈ దేశం మసిగుడ్డలా ఉండేది. స్వీడన్ అప్పటికే తెల్లగా ఉంది. ఐస్‌లాండ్‌కు భూమే నీళ్ళు కాచి ఇస్తుంది, వాళ్ళు తెల్లగా ఉండడంలో గొప్పేముంది? మాది కష్టపడి తెచ్చుకున్న తెలుపు. ఇప్పుడు కేసు రుజువైతే మా ఊరి మీద నల్ల చుక్క పడుతుంది. తప్పు చేసిన ఇంటి తలుపుకు నల్ల బిళ్ళ కొడతారు. ఆ ఇంటి హీటర్లకు చలికాలం పోయేదాకా సీలు వేస్తారు. మా ఇంట్లో బాలింత ఉంది, ఇంకా కళ్ళు సరిగ్గా తెరవని పసిబిడ్డ ఉంది. నేను ఎందుకు గొంతు పెంచుతున్నానో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మా ఇంట్లో దాపరికం లేదు. ఇవాళ ఏం చేశానో కూడా చెబుతాను, రాసుకోండి. రాజేశం డ్యూటీ బట్టలను తొట్టిలో నానబెట్టి ఉతికాను. వాడిది జల్లెడలు కడిగే పని. గనిలోంచి నీళ్ళతో పాటు వచ్చే బొగ్గుపొడి వాడి బట్టలకు పట్టుకుని ఇంటికి వస్తుంది. ఉతికాక తొట్టి అడుగున నల్లటి మడ్డి మిగులుతుంది. దాన్ని పారబోయడం నాకు చేతకాదు. మా అమ్మ పారబోయలేదు, మా అత్త పారబోయలేదు. పూలకుండీలోని మన్ను కాస్త కలిపి ఉండలు చేసి, కిటికీ గట్టు మీద ఆరబెట్టి, రేకు డబ్బాలో వేస్తాను. ఇక్కడ వాటితో ఏ పనీ లేదు. చేతులు ఊరుకోవు, అంతే. కాల్చని బొగ్గు నేరం కాదు కదా.

2. గురువారం, పసిదానికి స్నానం అయ్యాక

బాలింత హారిక నా మనవరాలు, రాజేశం బిడ్డ. భర్త సముద్రంలో గాలిమరల దగ్గర డ్యూటీలో ఉన్నాడు, కాబట్టి పురుడు మా ఇంట్లోనే. ఆడపిల్ల పుట్టింది. దానికి నీళ్ళు పోసేది నేను. ఆ తర్వాత నేను తడి గుడ్డలు తీసుకుని కిందికి పోతాను. సాంబ్రాణి పొగ వేసి తల్లినీ బిడ్డనూ పడుకోబెట్టేది హారిక తల్లి, అంటే నా కోడలు స్వరూప.

మా ఇంట్లో బాలింతకు కూడా నిప్పు పెట్టలేదని మీకు తెలియాలి. అందుకే ఈ సంగతి చెబుతున్నాను. పసిదాన్ని ఇంటికి తెచ్చిన కొత్తలో స్వరూప కరెంటు డబ్బాలో సాంబ్రాణి వేసింది.

"గిదేం పొగనే? దోమ తుమ్మినట్టున్నది" అన్నాను.

"ఈడ నిప్పులు ఏడికెళ్లి వస్తయత్తా? కరెంటుది గింతనే వస్తది."

"నాకు మా అత్త మంచం కింద కుంపటి పెట్టింది. నా నడుం సూడు, ఇప్పటికీ ఇనుప కడ్డీ లెక్కున్నది. నీ బిడ్డకు కరెంటు డబ్బానా? రేపు దాని నడుం వంగిపోతే నన్నడగకు. కన్నతల్లివి, నీకే లేకపాయె."

"అవ్వా, నా నడుం మంచిగనే ఉన్నది. జర అమ్మను ఇడిసిపెట్టు" అంది హారిక మంచం మీది నుంచి.

నేను విడిచిపెట్టలేదు. స్నానం పోసిన ప్రతిసారీ అన్నాను. అనగా అనగా స్వరూప నేర్చుకుంది. ఈ మధ్య పొగ గది నిండా వస్తోంది. కిందికి పోయి వచ్చేసరికి ఇల్లంతా గుడిలా ఘుమఘుమలాడుతోంది. గది కూడా వెచ్చగా ఉంటోంది. ఇవాళ నోరు తెరిచి మెచ్చుకున్నాను కూడా.

"ఇయ్యాల పొగంటే పొగనే స్వరూపా" అన్నాను.

స్వరూప తల ఎత్తలేదు. నా నోట మెప్పు విని అలవాటు లేదు కదా, సిగ్గుపడింది అనుకున్నాను.

ఇంకో మాట, కేసుకు సంబంధం లేనిది. గోదావరిఖని నుంచి తెచ్చుకున్న మా అత్త ఇనుప కుంపటిలో ఇన్నేళ్ళూ కొత్తిమీర పెంచాను. స్వరూప ఎప్పుడో ఆ మొక్కలను తీసి ప్లాస్టిక్ డబ్బాలో నాటింది, నేను ఇవాళ చూశాను. వేర్లు ఇరుకయ్యాయట. నన్ను అడగకుండా చేసిందని కోపం వచ్చింది. మెచ్చుకున్న రోజే తిట్టడం ఎందుకని ఊరుకున్నాను.

3. శనివారం, హలీనా ఇంటి నుంచి వచ్చాక

దొంగ దొరికింది.

హలీనా వయసు ఇంచుమించు నా వయసే. ట్రాము నడిపి రిటైరైంది. ఇద్దరం చెవి యంత్రాలు పెట్టుకుంటేనే అవి మా మాటలను అటూ ఇటూ చెబుతాయి. ఆ యంత్రం ఆమె మాటలను రేడియోలో వార్తలు చదివినట్టు చెబుతుంది. నా మాటలను ఆమెకు ఎలా చెబుతుందో దానికే తెలియాలి. ఏళ్ళ తరబడి నేను చింతకాయ తొక్కు ఇస్తే ఆమె బీట్‌రూట్ చారు ఇచ్చేది. ఒకరిది ఒకరం తినేవాళ్ళం కాదని ఇద్దరికీ తెలుసు, అయినా గిన్నెలు ఖాళీగా తిప్పి ఇచ్చుకోలేదు.

ఆమె గది మూలలో పాతకాలం పొయ్యి ఒకటి ఉంది. గోడంత ఎత్తు, పచ్చ పింగాణీ పలకలు, కింద ఇనుప తలుపు. పూర్వం ఇక్కడ ప్రతి గదిలోనూ అలాంటిది ఉండేదట, అందులో బొగ్గు వేసి గది కాచుకునేవాళ్ళట. అందరూ పీకేయించారు. ఆమె పీకేయించలేదు.

ఇవాళ కేసు మాట కదపాలని ఆమె తలుపు తట్టాను. తీసింది. చేతి వేళ్ళు నల్లగా ఉన్నాయి, గోళ్ళ సందుల్లో కూడా నలుపే. నేను చూశానని తెలియగానే చేతులు రెండూ ఏప్రాన్ కిందికి లాక్కుంది.

"పని మధ్యలో ఉన్నాను. తర్వాత వస్తారా?" అంది.

నేను ఇంటికి వచ్చి నేరుగా ఈ డబ్బా ముందు కూర్చున్నాను. పంచాయతీ పెద్దలు వినాలి. ఆమె వేళ్ళు నల్లగా ఉండడం నా కళ్ళతో చూశాను. ఇంట్లో పొయ్యి ఉంది, చేతికి మసి ఉంది, దాచుకోవడం ఉంది. బొగ్గు సంగతి నాకు తెలియకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుస్తుంది? మేము బొగ్గు తవ్విన జాతి కాబట్టి కాల్చింది మేమేనని ముందు మా తలుపు తట్టారు. మేము తవ్వాము, నిజమే. తరతరాలు కాల్చుకుని చలి కాచుకున్నవాళ్ళు వీళ్ళు. మా ఇంట్లో నిప్పు లేదు. ఇదిగో, పసిదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. దీని తల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. లేదు.

4. మంగళవారం, సీలు వేసిన రోజు

నేను చెప్పినది విని పంచాయతీ వాళ్ళు ఇవాళ వచ్చారు. తీర్పు వచ్చేదాకా హలీనా హీటర్లకు సీలు వేయాలని ఉత్తర్వు. నేను తలుపు కన్నంలోంచి చూశాను. నలుగురూ నా ఇంట్లోకి చూస్తే అవమానం అన్నదాన్ని, కన్నానికి కన్ను ఆనించి ఆమె ఇంట్లోకి చూశాను.

"మీరు చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?" అని అధికారి పిల్ల అడిగింది.

"కాల్చలేదు" అంది హలీనా. హీటరు మీద పూల కుండీ ఉంటే అది వాడిపోతుందని పక్కకు జరుపుకుంది. వాళ్ళ పని వాళ్ళు చేసుకునేదాకా కుండీ చేతుల్లో పట్టుకుని నిలబడింది.

మెట్ల మీద మళ్ళీ అందరూ నిలబడ్డారు. ఈసారి చూపులు మా తలుపు మీద లేవు. నేను సంతోషించాలి కదా. వంటింట్లోకి వెళ్తే స్వరూప గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"ఏమైందే?"

"ఏంలేదత్తా. ఆ ముసలామె సలికి ఎట్లుంటదో అని."

"కాల్చినప్పుడు తెల్వలేదా ఆమెకు?" అన్నాను.

స్వరూప నా వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళింది. నాకు ఆ చూపు అర్థం కాలేదు. మంచి చూపు కాదని మాత్రం తెలిసింది.

5. గురువారం, గుడ్డలు ఆరేసి వచ్చాక

మా భవనం అడుగున బట్టలు ఆరేసుకునే గది ఉంది. పై అంతస్తులకు వెళ్ళే లావు గొట్టాలు అందులోంచే పోతాయి, అందుకే అది అన్ని గదులకంటే వెచ్చగా ఉంటుంది. ఇవాళ తలుపు తోస్తే హలీనా అక్కడ ఉంది. కోటు తొడుక్కుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆలుగడ్డలు చెక్కు తీస్తోంది. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. కానీ చేతిలో తడి బుట్ట ఉంది, ఆమె అప్పటికే నన్ను చూసింది.

"నేను ఇక్కడ కూర్చుంటే మీకు ఇబ్బందిగా ఉంటుందా?" అంది.

ఆమె నన్ను అడిగింది. నేను ఆమెను అడగవలసిన మాట.

"నా అయ్య జాగనా? కూసో" అన్నాను. నాకు మాట అలాగే వస్తుంది, మెత్తగా రాదు.

నేను గుడ్డలు పిండి ఆరేస్తున్నాను. ఆమె చెక్కు తీస్తోంది. తనే మాట కదిపింది.

"నా చేతులు నల్లగా ఉన్నాయని మీరు చెప్పారట. అది నిజమే. శనివారం నాడు పొయ్యి ఇనుప తలుపుకు నల్ల పాలిష్ పెడతాను. మా అమ్మ పెట్టేది. గొట్టం వచ్చిన రోజు నుంచి ఆ పొయ్యిలో నిప్పు పడలేదు. లోపల ఉల్లిగడ్డలు పెట్టుకుంటాను."

"మరి నన్ను సూసి చేతులెందుకు దాసినవు?"

"గుమ్మంలోకి వచ్చిన మనిషికి మురికి చేతులు చూపించకూడదు కదా" అంది.

నా చేతిలో గుడ్డ ఉంది. పిండిన గుడ్డనే మళ్ళీ పిండుతున్నానని కాసేపటికి తెలిసింది.

"నా చిన్నప్పుడు ఈ ఊళ్ళో మంచు బూడిద రంగులో కురిసేది" అంది. "మా తమ్ముడు దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాత నేను బొగ్గు ముట్టించగలనని మీరు అనుకుంటే అనుకోండి. మీరు చూసినదే చెప్పారు. మీ మీద నాకు కోపం లేదు."

కోపం ఉందని అంటే నాలుగు మాటలు అని బయటపడేదాన్ని. మూడు అంతస్తులు ఎక్కి వచ్చి ఇలా కూర్చున్నాను. ఆమె అబద్ధం చెప్పడం లేదు. మరి పొగ ఎక్కడిది? హారికకు పొద్దున్నుంచి తలనొప్పిగా ఉంది. దిష్టి తగిలిందేమో. ఉప్పూ మిరపకాయలూ తీయాలి.

6. సోమవారం, ఆస్పత్రి నుంచి వచ్చాక

ఇద్దరూ బతికే ఉన్నారు. ముందు ఆ మాట చెప్పి మిగతాది చెబుతాను.

దిష్టి తీసినా హారిక తలనొప్పి తగ్గలేదు. ఇవాళ స్నానం అయ్యాక నేను కిందికి పోయి వచ్చేసరికి వాంతి కూడా చేసుకుంది. గాలి తగిలితే తగ్గుతుందని మెట్ల మీదికి తెచ్చి కూర్చోబెడితే తేరుకుంది. గదిలోకి పోయి పడుకోమని చెప్పి, మిగిలిన గుడ్డలు తీసుకుని నేను మళ్ళీ కిందికి వెళ్ళాను. హలీనా అక్కడే ఉంది. ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలి కదా, చెప్పాను. గదిలో ఉంటే తల పగిలిపోతోందట, బయటికి వస్తే తగ్గుతోంది, లోపలికి పోతే మళ్ళీ మొదలు.

హలీనా కత్తి ఆగింది. "పాప?"

"అదా? పాలు కూడా తాగుతలేదు. ఒక్కతీరుగ పండుడే."

ఆమె లేచింది. ఒళ్ళోని ఆలుగడ్డలు దొర్లిపోయాయి. ఆమె చెవి యంత్రం కూడా అక్కడే పడిపోయింది. మూడు అంతస్తులూ ఎక్కడా నిలబడకుండా ఎక్కింది. నేను వెనకాల ఆయాసపడుతూ వెళ్ళేసరికి మా ఇంట్లో ఏదో అరుస్తోంది. యంత్రం లేదు కాబట్టి ఆమె భాషలో ఒక్క ముక్క నాకు తెలియలేదు. కిటికీలన్నీ తెరిచింది. మంచుగాలి లోపలికి కొట్టింది. పసిదాన్ని ఎత్తి కిటికీలో పెట్టుకుని అరికాళ్ళ మీద గట్టిగా తట్టింది. స్వరూప హారికను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చింది. తట్టగా తట్టగా పసిది కెవ్వుమంది. ఆ ఏడుపు కంటే మంచి చప్పుడు నేను ఇంతవరకు వినలేదు.

పసిదాన్ని నా చేతుల్లో పెట్టి, హలీనా నేల మీద మోకరిల్లి మంచం కిందికి చెయ్యి పెట్టింది. కుంపటి బయటికి లాగింది. మా అత్త కుంపటి. పైన బూడిద, బూడిద కింద ఎర్రటి ఉండలు. ఏప్రాన్‌తో పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళి మంచులో బోర్లించింది. చర్రుమంది.

ఆస్పత్రిలో తల్లికీ బిడ్డకూ మంచి గాలి పట్టారు. భయం లేదన్నారు. రేపు పంపుతారు. రోగుల సంగతి ఆస్పత్రి వాళ్ళు పంచాయతీకి చెప్పకూడదట. హలీనా మా వెంటే ఉంది. అక్కడి వసారాలో కూర్చున్నప్పుడు, నర్సు ఇచ్చిన యంత్రం చెవికి పెట్టుకుని చెప్పింది: "నిప్పు పొగ మానేసినా విషం మానదు. కనిపించదు, వాసన ఉండదు. మా చిన్నప్పుడు కింది అంతస్తులో ఒక ఇంటిల్లిపాదీ నిద్రలోనే పోయారు. మీ ఊళ్ళో ఇలా జరగదా?"

మా ఊళ్ళో పెంకుటిళ్ళు. కప్పు సందుల్లోంచి ఆకాశం కనిపించేది. కుంపటి పెడితే విషం దాని దారిన అది పోయేది. ఈ ఇళ్ళు సీసాల లాంటివి, బిరడా బిగిస్తే చీమ ఊపిరి కూడా బయటికి పోదు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి నేను ఆ మాట ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి బాల్కనీలోకి వెళ్ళాను. మంచులో సగం కాలిన ఉండలు నల్లగా పడి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. నేను చేసిన ఉండే. ఒత్తినప్పుడు పడిన బొటనవేలి గుర్తు ఇంకా దాని మీద ఉంది. నా సంతకం వేలిముద్రే అని మొదట్లో చెప్పాను కదా. ప్రతి ఉండ మీదా నా సంతకం ఉంది.

7. మంగళవారం, మధ్యాహ్నం

హారిక, పసిది ఇంటికి వచ్చారు. రాజేశం డ్యూటీ దిగి వచ్చాడు. తలుపు వేసుకుని అందరం కూర్చున్నాం.

"ఎందుకు జేసినవే?" అని రాజేశం స్వరూపను అడిగాడు.

"మీ అమ్మనడుగు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "దినాం అంటివి గదత్తా. కన్నతల్లివి నీకే లేదంటివి. నువ్వు కిందికి పోంగనే నీ డబ్బాల ఉండలు కర్పూరంతోటి బాల్కనీల అంటువెట్టి, పొగ వొయినంక లోపటికి తెస్తుంటి. నువ్వు వచ్చేసరికి మంచం కింద పెడుతుంటి. నువ్వు ఒక్క దినమన్న మంచిగ జేసినవే అంటవని. అన్నవు కూడ."

"హలీనాకు సీలు వేసిన దినమన్న నాకు చెప్పరాదే?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె? అప్పటికే నువ్వు నా మనవరాలి మీద ఒట్టు వెట్టి కూసున్నవు. నిన్ను అబద్ధాలదాన్ని జెయ్యాల్నా? మానేస్తే నువ్వు మల్ల అంటవు. మానలే."

నోట్లో నాలుక ఉన్నందుకు మొదటిసారి అసహ్యం వేసింది.

అప్పుడే హలీనా వచ్చింది. బీట్‌రూట్ చారు తెచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పింది. "నేను ఏమీ చూడలేదు. నా హీటర్లకు సీలు ఎలాగూ పడింది. నాకు కింద గది ఉంది, కోటు ఉంది. పాప వెచ్చగా ఉండాలి. మీరు ఆ డబ్బాలో పెద్దలను పిలిచి ఇంకేమీ చెప్పకండి."

చెప్పి వెళ్ళిపోయింది.

"ఆమెనే వద్దంటున్నది గదనే" అన్నాడు రాజేశం. నా ముఖం చూడకుండా అన్నాడు.

"అత్తా, నీకు దండం పెడుత" అంది స్వరూప. "చెప్పుడైతే నన్ను చెప్పు, కాని చలికాలం పోయినంక చెప్పు. పసిపోరి సలికి ఆగదు."

"అమ్మా, అటువంటి వెచ్చదనం నాకద్దు" అంది హారిక. "ఆ అవ్వ లేకుంటే మీరు ఇయ్యాల కూసొని మాట్లాడేది హీటరు గురించి కాదు."

నేను లేచి దేవుడి గూటి దగ్గరికి వచ్చాను. ఇక చెప్పేది వాళ్ళ ముందే చెబుతున్నాను.

పంచాయతీ పెద్దలారా, హలీనా బొగ్గు కాల్చలేదు. కాలింది మా ఇంట్లో. కుంపటి అంటించింది నా కోడలి చెయ్యి, అంటించేదాకా ఊరుకోనిది నా నోరు. ఉండలు చేసింది నేను. చేసినట్టు మొదటి రోజే మీతో చెప్పాను, మా నిజాయితీకి గుర్తుగా చెప్పాను. ఆ పూటే నాకు అనుమానం రావలసింది. కుంపటిలోంచి కొత్తిమీర లేచినప్పుడు రావలసింది. గది వెచ్చబడినప్పుడు రావలసింది. నా కళ్ళు ఎదురింటి వేళ్ళ మీద ఉన్నాయి. బొగ్గు సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని అన్నాను. దాన్ని చెరపలేరని చెప్పారు. చెరపకండి, అలాగే ఉండనివ్వండి.

పసిదాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినప్పుడు అది ఆ విషం పీలుస్తూనే ఉంది. దాని నిద్ర చూసి, బుద్ధిమంతురాలు, ఏడవదు అని మురిసిపోయాను. ఈ మాట చెబుతూ నా ఇంటి గోడలకే నా ముఖం చూపించలేకపోతున్నాను.

సీలు ఆమె ఇంటి నుంచి తీసి మా ఇంటికి వేయండి. పాప సంగతి ఆలోచించండని నేను అడగను. అడిగే ముఖం లేదు.

8. శనివారం, హలీనా ఇంటి నుంచి వచ్చాక

బిళ్ళ కొట్టారు. అరచేయి అంత ఉంది, మా తలుపుకు సరిగ్గా మధ్యలో. చౌరస్తా పటంలో చుక్క పడిందట. రాజేశం చూసి వచ్చాడు. ఎంత ఉందని అడిగితే ఆవగింజంత అన్నాడు. కానీ ఆ తెలుపులో అదొక్కటే కనిపిస్తోందట. జల్లెడల దగ్గర వాడితో ఎవరూ మాట్లాడడం లేదట. ఆ సంగతి వాడు చెప్పలేదు, స్వరూప చెప్పింది.

సీలు వేసేటప్పుడు అధికారి పిల్ల నా వైపు చూడకుండా పని చేసుకుంది. ఆమె మంచిది, అందుకే చూడలేదు. అవతలి గుమ్మంలో హలీనా హీటర్లు మళ్ళీ గలగలమన్నాయి. మా ఇంట్లో గొట్టం ఇంకా చల్లబడకముందే ఆమె వచ్చింది. ఎవరినీ అడగకుండా పసిదాన్ని ఎత్తుకుంది, హారిక చెయ్యి పట్టుకుంది, ఎదురింట్లోకి తీసుకుపోయింది. పొయ్యి పక్కన ఉయ్యాల కట్టారు. రాత్రిళ్ళు పడుకోవడానికి స్వరూప కూడా అక్కడికే పోతోంది. హలీనా నన్నూ రమ్మంది. వెళ్ళలేదు. మా ఆయన కోటూ నా కోటూ తొడుక్కుని ఇక్కడే ఉంటున్నాను.

స్వరూపతో ఒక మాట చెప్పాలని రెండు రోజులుగా చూస్తున్నాను. ఇవాళ పొద్దున టీ తెచ్చినప్పుడు చెప్పాను.

"స్వరూపా, నువ్వు మంచి తల్లివే. నేనే కాని మాటలన్నా" అన్నాను.

"టీ సల్లగైతది, తాగు" అంది. గ్లాసు నా చేతిలో పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది.

తర్వాత నేను హలీనా తలుపు తట్టాను. ఉయ్యాల వైపు చూడలేదు. పాలిష్ డబ్బా ఎక్కడుందని అడిగాను. ఇవ్వనంది. నేను అక్కడే నిలబడ్డాను. నిలబడడంలో నన్ను మించినవాళ్ళు లేరని ఆమెకు తెలుసు. ఇచ్చింది. పొయ్యి ముందు కూర్చుని ఇనుప తలుపుకు నల్ల పాలిష్ పెట్టాను. మూలలు, గొళ్ళెం, పూల చెక్కడాల సందులు. తెరిచి చూస్తే లోపల నిజంగానే ఉల్లిగడ్డలు ఉన్నాయి. ఇక ప్రతి శనివారం ఈ పని నాదే అని చెప్పాను. హలీనా వంగి నేను రుద్దిన చోట్లన్నీ చూసింది.

"గొళ్ళెం కింద వదిలేశారు" అంది చివరికి.

చూస్తే నిజమే. మళ్ళీ రుద్దాను.

బయటికి వచ్చేసరికి పై అంతస్తు ఆవిడ సంచులతో మెట్లు ఎక్కుతోంది. ముందు మా తలుపు మీది బిళ్ళను చూసింది. తర్వాత నా వేళ్ళను చూసింది, గోళ్ళ సందుల్లో కూడా నలుపే. తర్వాత నా ముఖం చూసి గోడ వైపు జరిగి పోయింది. కొంగు కిందికి లాక్కుందామని చేతులు కదిలాయి. కదిలిన చేతులను ఆపాను. రెండూ అలాగే వేలాడనిచ్చి, ఆవిడ పై మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

ఈ డబ్బాను సాయంత్రం వచ్చి తీసుకుపోతారట. మాట్లాడుతూ మాట్లాడుతూ దీన్ని పట్టుకున్నాను. మూత మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి. తుడవలేదు. నేను చెప్పినదంతా నాదే అనడానికి ఆ సంతకం చాలు.